తెల్లేరు కథలో రైతు ఎక్కడ?

మొన్న టీవీలో 2021 నాటి ‘రిపబ్లిక్’ చూశాను. రమ్యకృష్ణ, జగపతిబాబు, సాయి ధరమ్ తేజ్, అందరూ గట్టి నటులే. నాయకురాలిగా రమ్యకృష్ణ భయపెట్టింది కూడా. తెల్లేరని పేరు పెట్టినా అది మన కొల్లేరేనని తెలుస్తూనే ఉంది. ఎంతో ఆశపడ్డాను. తీరా చూస్తే సగం ఉపన్యాసాలే.

1970ల్లో పేదల సొసైటీలకిచ్చిన చేపల చెరువులు లీజుల పేరుతో పెట్టుబడిదారుల చేతుల్లోకి ఎలా పోయాయి? 2006లో గట్లు కొట్టేసినప్పుడు చిన్నవాళ్ల గతేమిటి? అసలు కథ అక్కడుంది. సినిమా మాత్రం నిజాయితీపరుడైన ఒక్క కలెక్టరు చుట్టూ తిరిగింది. రైతులూ, జాలర్లూ గుంపులో నిలబడేవాళ్లే.

మంచి కలెక్టర్లను మేమూ చూశాం. మా అర్జీ తీసుకున్నాయన ఆర్నెల్లకే బదిలీ అయ్యాడు. కొత్తాయనకు మళ్లీ మొదటి నుంచి రాసుకున్నాం.