పాత కారుకు కొత్త పికప్: ఆర్టీఏ దగ్గర ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు?

మీ మేనమామ ఏళ్ల తరబడి వాడి, షెడ్డులో పెట్టేసిన హోండా సిటీ మీ చేతికొచ్చింది అనుకుందాం. 'ఏపీ 36' నంబరు, 2002లో రిజిస్టరైన బండి, 1.5 లీటర్ల వీటెక్ ఇంజిన్. స్పోర్ట్స్ కారు అంటే వరంగల్, హనుమకొండ కుర్రాళ్లకు నిజంగా అందుబాటులో ఉండేవి ఇలాంటివే. ఆ సిటీ, ఫియట్ పాలియో 1.6, ఫోర్డ్ ఐకాన్ 1.6, ఇంకాస్త డబ్బుంటే స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. కొత్తలో ఈ సిటీ ఇంజిన్ బలం 106 బీహెచ్‌పీ. ఇప్పుడు ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కాలంటే గేరు తగ్గించాల్సి వస్తోంది. జేబులో ఓ 50 వేలు ఉన్నాయి. ఆ డబ్బుతో పికప్ పెంచుకోవాలి.

షాపుకెళితే చెప్పేవాళ్లకు కొదవుండదు. పెద్ద ఎయిర్ ఫిల్టర్ వేయమని ఒకరు, సైలెన్సర్ మార్చమని ఇంకొకరు, ఈసీయూ రీమ్యాప్ చేయిస్తే బండి ఎగురుతుందని మరొకరు చెబుతారు. హైదరాబాద్ నుంచి పెద్ద ఇంజిన్ తెప్పించి దింపేద్దామనే ధైర్యవంతులూ ఉంటారు. వీటిలో మీ ఆర్సీకి ముప్పు తెచ్చేది ఏదో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ బండి రిజిస్ట్రేషన్ 2017లో ఒకసారి, 2022లో ఇంకోసారి రెన్యువల్ అయ్యుంటే, మళ్లీ 2027లో మోటారు వాహన ఇన్‌స్పెక్టర్ ముందుకు వెళ్లాల్సిందే. మీరు బోనెట్ కింద ఏం చేసినా ఆ రోజు అది ఆయన కళ్లముందు ఉంటుంది.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ దీనికి మూలం. ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదన్నది దాని సారం. 2019 జనవరి 9న కేరళకు చెందిన కె.జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. అంతకుముందు కేరళ హైకోర్టు కొంత వెసులుబాటు ఇవ్వగా, ఆ తీర్పును పక్కన పెట్టింది.

అలాగని చట్టం తలుపులన్నీ మూసేయలేదు. పాత ఇంజిన్ పూర్తిగా పోతే అదే రకం ఇంజిన్ వేసుకోవచ్చు. కానీ రిజిస్టరింగ్ అధికారి అనుమతి ముందే తీసుకోవాలి. మార్పు జరిగాక 14 రోజుల్లోగా తెలియజేసి, ఆర్సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కించుకోవాలి. పాత సామాను షాపులో కొన్న ఇంజిన్ అయితే దాని బిల్లు, అది ఏ బండిలోంచి తీశారో చెప్పే కాగితాలు దగ్గర ఉండాలి. కాగితం లేని ఇంజిన్ దొంగబండిది కాదని నిరూపించుకునే భారం మీ నెత్తిన పడుతుంది. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ల అంగీకార పత్రమూ కావాలి. ఆమోదం పొందిన సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్‌లకు, ఎలక్ట్రిక్ కిట్‌లకు కూడా దారి ఉంది. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి పరీక్షా సంస్థల దగ్గర పాసైన కిట్ అయితేనే ఆర్టీఏ ఒప్పుకుంటుంది. ఎలక్ట్రిక్ కిట్ ధర ఇలాంటి పాత కారు విలువనే మించిపోతుంది కాబట్టి దాని సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

2019 సవరణతో 182ఎ అనే కొత్త సెక్షన్ వచ్చింది. చట్టం ఒప్పుకోని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 'ఒక్కో మార్పుకు' అన్న మాట గుర్తుంచుకోండి. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే 190(2) సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. వీటికి తోడు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. రోడ్డు మీద అక్కడికక్కడే కట్టే చలానా ఎంతన్నది రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులతో వేరుగా నిర్ణయిస్తుంది. వ్యవహారం కోర్టు దాకా వెళితే మాత్రం చట్టంలో రాసిన శిక్షే కొలమానం.

రీమ్యాప్ సంగతి ఏమిటి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆర్సీ తీసి చూడండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, సీసీ, ఇంధనం, రంగు, సీట్లు, బరువు ఉంటాయి. ఈసీయూలో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో రాసే గడి అందులో లేదు. కాబట్టి రీమ్యాప్ చేస్తే ఆర్సీలో ఏదీ మారదు కదా అని ట్యూనింగ్ షాపులవాళ్లు వాదిస్తారు. సగం నిజమే. మిగతా సగం ఏమిటంటే, బండి ఏ ఉద్గార ప్రమాణానికి పరీక్ష పాసై బయటికొచ్చిందో ఆ పరీక్ష జరిగింది కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో. దాన్ని మార్చాక ఆ పాస్ చెల్లుతుందని ఎవరూ హామీ ఇవ్వరు. పోనీ, నిజాయితీగా ఆర్టీఏ ఆఫీసుకెళ్లి 'నా కారు బలం 15 శాతం పెంచుకుంటాను, పరీక్షించి అనుమతివ్వండి' అంటారా? అలాంటి దరఖాస్తుకు అక్కడ కౌంటరు లేదు.

ఇది చట్టంలోని లోపమనే మా అభిప్రాయం. ఇంజిన్ మార్పుకు, గ్యాస్ కిట్‌కు దారి వేసిన రవాణా శాఖ, వేలమంది యువకులు చేయించుకునే చిన్న మార్పుల గురించి 'ఇది సరే, ఇది కాదు' అని ఒక పేజీ జాబితా కూడా పెట్టలేదు. ఉన్న తనిఖీలేమో శబ్దాన్ని, కంటికి కనిపించేదాన్నే పట్టుకుంటాయి. పోలీసులు మార్పిడి సైలెన్సర్లను వరుసగా పరిచి రోడ్డు రోలర్‌తో తొక్కించడం మీరు చూసే ఉంటారు. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం బంకు పక్కన చేసే పరీక్ష నిలబెట్టిన బండి మీద జరుగుతుంది. లోడు మీద ఇంజిన్ ఎంత పొగ వదులుతుందో అందులో తెలియదు. పట్టుబడని రీమ్యాప్‌లు తిరుగుతున్నాయి కాబట్టి అది తప్పు కాదనుకోవడం తేలిక. ప్రమాదం జరిగిన రోజు మాత్రం బీమా సర్వేయరు బోనెట్ తెరుస్తాడు. అంతవరకూ ఎవరూ అడగని ప్రశ్నలన్నీ ఒకేసారి మొదలవుతాయి.

బీమా సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బండిలో మార్పు చేస్తే కంపెనీకి చెప్పాలి. చెప్పకపోతే మీ సొంత బండి నష్టానికి వేసిన క్లెయిమ్‌ను తగ్గించడానికో, తిరస్కరించడానికో వాళ్లకు కారణం దొరికినట్టే. అలాంటి మార్పు బండికి మేమెందుకు బీమా ఇవ్వాలని వాళ్లు అడ్డం తిరిగితే, ఆ మార్పు అవసరమా అని మీరు మళ్లీ ఆలోచించుకునే అవకాశం కూడా అప్పుడే వస్తుంది. బీమా ఆఫీసుకు ఒక ఈమెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్లో విన్న మాట లెక్కలోకి రాదు.

చవకైన బలం పోయిన బలంలోనే ఉంది

ఇరవై ఏళ్లు దాటిన ఇంజిన్‌కు 106 బీహెచ్‌పీ ఇంకా ఉండదు. ముందు ఆ పోయింది వెనక్కి తెచ్చుకోండి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎందుకంటే బండిని కంపెనీ చెప్పిన స్థితికి తేవడం మార్పు కిందికి రాదు.

మొదటి ఖర్చు కంప్రెషన్ టెస్ట్. చిన్న ఖర్చే. నాలుగు సిలిండర్ల రీడింగులూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటే ఇంజిన్ ప్రాణం బాగున్నట్టు. ఒకటి బాగా తగ్గితే వాల్వులో, రింగులో, హెడ్ గ్యాస్కెట్టో పోయింది. బోరుకొచ్చిన ఇంజిన్‌కు చిప్ పెట్టినా, ఫిల్టర్ పెట్టినా వృథా. ఏ షాపువాడైనా ఈ పరీక్ష చేయకుండానే రీమ్యాప్ రేటు చెబితే అక్కడినుంచి బయటికి వచ్చేయండి.

కంప్రెషన్ బాగుంటే ట్యాపెట్ సెట్టింగ్ చేయించండి. పాత హోండాలకు ఇది కాలానుగుణంగా చేయాల్సిన పనే, కానీ ఎక్కువమంది మర్చిపోతారు. స్పార్క్ ప్లగ్‌లు, హెచ్‌టీ వైర్లు, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, జారుతున్న క్లచ్ ప్లేటు ఒక్కొక్కటిగా చూడండి. అన్నిటికన్నా ముఖ్యం ఆక్సిజన్ సెన్సర్. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ మండటానికి పెట్రోలు కన్నా తక్కువ గాలి చాలు. కాబట్టి అంతే గాలికి ఇంజిన్ ఇంకొంచెం ఎక్కువ ఇంధనం పోసుకోవాలి. ఆ తేడా కనిపెట్టి ఈసీయూకు చెప్పేది ఈ సెన్సరే. అది చచ్చిపోయి ఉంటే బండి ఈడుస్తుంది, మైలేజీ పడిపోతుంది. 'ఇంజిన్ వీకైంది' అని మెకానిక్ తేల్చేస్తాడు. అదే సమయంలో పాత రబ్బరు పెట్రోలు పైపులు కూడా మార్పించండి. ఈ తరం కార్ల పైపులు ఇంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. వేడి ఇంజిన్ పక్కన పెట్రోలు కారడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

తరువాత మన ఊరి ఎండ. గాలి ఎంత వేడిగా ఉంటే అంత పలచబడుతుంది. 30 డిగ్రీల రోజుతో పోలిస్తే 45 డిగ్రీల మే మధ్యాహ్నం ఇంజిన్‌లోకి వెళ్లే గాలి 5 శాతం దాకా తక్కువ. బలం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. ఇప్పుడు షాపులో అమ్మే శంకు ఆకారపు ఓపెన్ ఫిల్టర్ గుర్తు చేసుకోండి. కంపెనీ డబ్బా తీసేసి దీన్ని పెడితే ఇంజిన్ బయటి గాలికి బదులు బోనెట్ కింది వేడి గాలిని పీలుస్తుంది. చప్పుడు పెరుగుతుంది, బలం తగ్గుతుంది. కంపెనీ డబ్బాలోనే పట్టే మంచి ఫిల్టర్ వేసుకుంటే నష్టం లేదు గానీ, టర్బో లేని ఇంజిన్‌లో దానివల్ల వచ్చే లాభం సీట్లో కూర్చుంటే తెలిసేంత ఉండదు. ఆ డబ్బు రేడియేటర్ ఫ్లషింగ్‌కు, థర్మోస్టాట్‌కు, ఫ్యానుకు పెట్టండి.

ఆన్‌లైన్‌లో కొన్ని వందలకు దొరికే 'పెర్ఫార్మెన్స్ చిప్'ల గురించి కూడా ఒక మాట. వాటిలో చాలావాటి లోపల ఉండేది ఒక చిన్న రెసిస్టర్. గాలి చల్లగా ఉందని ఈసీయూను నమ్మించి పెట్రోలు ఎక్కువ పోయిస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ కాసేపట్లోనే ఆ అబద్ధాన్ని సరిదిద్దేస్తుంది.

సైలెన్సర్ విషయంలో మోసం ఇంకోరకం. 'ఫ్రీ ఫ్లో' పేరుతో క్యాటలిటిక్ కన్వర్టర్ కోసేసి, దాన్ని తమ దగ్గరే ఉంచేసుకునేవాళ్లుంటారు. దానిలో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు ఉంటాయి. మీరు డబ్బిచ్చి మరీ ఆస్తి వదిలేసి, పొల్యూషన్ టెస్టులో ఫెయిలయ్యే బండితో ఇంటికొస్తారు.

టర్బో ఉన్న ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటి కారైతే లెక్క వేరని ఒప్పుకోవాలి. 150 బీహెచ్‌పీ ఇంజిన్ నుంచి రీమ్యాప్‌తో మరో 30 వరకు రాబట్టడం సాధ్యమే. రూపాయికి ఎక్కువ బలం వచ్చేది కూడా అక్కడే. కానీ ఆ బలాన్ని మోయాల్సింది ఇరవై ఏళ్ల క్లచ్చు, ఇరవై ఏళ్ల టర్బో. అవి పోతే వచ్చే బిల్లు ముందు రీమ్యాప్ ఖర్చు చిన్నదైపోతుంది. పైన చెప్పుకున్న చట్టం చిక్కు ఎలాగూ ఉంది.

ఆపగలిగే బలం

80 కిలోమీటర్ల వేగం నుంచి 100కు పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి 56 శాతం పెరుగుతుంది. వేగం పెరిగింది నాలుగో వంతే. హైదరాబాద్ హైవే మీద జనగామ దాటాక గేదె అడ్డమొచ్చినప్పుడు మీకు పనికొచ్చేది ఇంజిన్ బలం కాదు. అందుకే 50 వేలలో మొదటి వాటా బ్రేకులకు, టైర్లకు పక్కన పెట్టమంటున్నాం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మార్చకపోతే గట్టిగా వరుస బ్రేకులు వేసినప్పుడు మరిగి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. టైరు పక్కన కోలాకారపు గుర్తులో నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. షెడ్డులో కదలకుండా ఉన్న బండికి టైర్లు అరగవు, కానీ రబ్బరు గట్టిపడుతుంది. గాట్లు లోతుగా కనిపిస్తున్నాయని మోసపోకండి.

లైసెన్సు లేని తమ్ముడికి తాళాలు ఇచ్చే అలవాటు ఉంటే ఇది కూడా తెలుసుకోండి. 18 ఏళ్లు నిండనివాళ్లు నడిపి నేరం జరిగితే 199ఎ సెక్షన్ కింద బండి యజమానికి లేదా సంరక్షకుడికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. రోడ్డు మీద పందేలు వేసుకుంటే 189వ సెక్షన్ వేరుగా ఉంది. వేగమే సరదా అయితే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో, కోయంబత్తూరులో ట్రాకులున్నాయి.

ఇక 2027 రెన్యువల్. 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 5 వేల నుంచి 10 వేలకు పెంచింది. హరిత పన్ను దానికి అదనం. గడువుకు ముందే ఆన్‌లైన్‌లో స్లాటు బుక్ చేసుకుని, చెల్లే బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్లతో బండిని తీసుకెళ్లాలి. ఇంజిన్, ఛాసిస్ నంబర్లు ఆర్సీతో సరిపోతున్నాయో లేదో ఇప్పుడే టార్చి వేసి మీరే చూసుకోండి. మేనమామ ఎప్పుడో ఇంజిన్ మార్పించి కాగితాల్లో ఎక్కించకపోయి ఉంటే, ఆ సంగతి ఇన్‌స్పెక్టర్ కన్నా ముందు మీకు తెలియాలి. అప్పటి బిల్లు ఆయన దగ్గర ఇంకా ఉందేమో ఒకసారి అడగండి.