ఒక్క గడియారం వదిలిపెట్టండి

పోయిన సంక్రాంతికి ముందు మా అప్ప ఇల్లు దులిపింది. పండగ ముందు ఎవరైనా చేసే పనే. పాత పేపర్లు, తుప్పు పట్టిన గ్యాస్ పొయ్యి, కాలు విరిగిన కుర్చీ... వాటితోపాటు కూతురి బల్ల మీదున్న సర్క్యూట్ బోర్డులు, వైర్ల చుట్టలు కూడా పాత సామాన్లవాడి బండెక్కేశాయి. అన్నీ కలిపి తూచి రెండు వందల నలభై రూపాయలిచ్చాడు. "పోన్లే, అరిసెల నూనెకి సరిపోతాయి" అని మా అప్ప సంబరపడింది.

సాయంత్రం పిల్ల కాలేజీ నుంచి వచ్చింది. బల్ల ఖాళీగా ఉంది. ఏడవలేదు, గొడవ చెయ్యలేదు. "ఇక్కడివేవీ?" అని అడిగింది. చెప్పారు. "సరేలే" అంది.

నేనక్కడే ఉన్నాను. ఆ 'సరేలే' నాకు నచ్చలేదు. ఇరవయ్యేళ్ళ పిల్ల అంత తేలిగ్గా ఆ మాట అనేసిందంటే, ఇంతకుముందు చాలాసార్లు అని అలవాటైపోయిందన్నమాట!

ఇంతకీ ఆ బల్ల మీద ఏముందో చెప్పాలి. అందులో ముఖ్యమైంది 8085 మైక్రోప్రాసెసర్ కిట్. ఇంజినీరింగ్ చదివిన పిల్లలున్న ఇళ్ళల్లో ఈ పేరు వినే ఉంటారు. ఇంటెల్ కంపెనీ 1976లో తెచ్చిన చిప్ అది. ఆ కిట్‌కి స్క్రీనుండదు, మౌస్ ఉండదు. క్యాలిక్యులేటర్‌కి ఉండేలాంటి బటన్లు, ఎర్రగా వెలిగే నాలుగైదు అంకెలు, అంతే. మా పిల్ల దాన్ని ఎవరో సీనియర్ దగ్గర పండగ డబ్బులు పెట్టి కొనుక్కుంది.

ఒకరోజు మా అందరికీ ఆడించి చూపించింది. అయిదూ ఏడూ కూడాలంటే ఆ బటన్ల మీద త్రీ ఈ, జీరో ఫైవ్, జీరో సిక్స్, జీరో సెవెన్, ఎయిట్ జీరో, సెవెన్ సిక్స్ అని వరసగా నొక్కాలి. "త్రీ ఈ అంటే, తర్వాత వచ్చే అంకెని కుడిచేత్తో పట్టుకో అని పిన్నీ. జీరో సిక్స్ అంటే, దీన్ని ఎడంచేత్తో పట్టుకో అని. ఎయిట్ జీరో అంటే రెండూ కలిపెయ్ అని. సెవెన్ సిక్స్ అంటే ఇక ఆగు అని. దానికి ఈ మాటలే తెలుసు. ఇంకే భాషా రాదు" అంది. చివర '0సి' అని వెలిగింది. ఆ లెక్కలో సి అంటే పన్నెండట.

మా అమ్మ అంతా చూసి, "అయిదూ ఏడూ పన్నెండని నన్నడిగితే సెప్పనా? దానికింత యాగీ ఏటే?" అంది. అందరం నవ్వాం. పిల్ల కూడా నవ్వింది గానీ, దాని కళ్ళు మాత్రం ఆ ఎర్ర అంకెల మీదే ఉన్నాయి.

మరి కంప్యూటర్‌కి వచ్చింది ఆ అంకెల భాషే అయితే, ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఇంగ్లీషు మాటల్లో ఎలా రాస్తున్నారు? మధ్యలో కంపైలర్ ఉంటుంది కాబట్టి. అదేమిటో మన వంటింటి లెక్కలో చెప్తాను. కొత్తగా కాపరానికొచ్చిన కోడలితో అత్తగారు "రేపు పనసపొట్టు కూర ఆవపెట్టి చెయ్యి" అని ఒక్క మాట అనేసి వెళ్ళిపోతారు. ఆ ఒక్క మాటలో ఇరవై పనులున్నాయి. పొట్టు ఉడకబెట్టాలి, నీళ్ళు పిండెయ్యాలి, పోపు వెయ్యాలి, ఆవ మాత్రం పొయ్యి దించాకే కలపాలి, లేకపోతే చేదొస్తుంది. ఇవన్నీ విడగొట్టి, ఏది ముందో ఏది వెనకో ఆ పిల్ల చెవిలో చెప్పే తోడికోడలు ఒకావిడ ఉంటుంది చూడండి, ఆవిడే కంపైలర్! మాట అత్తగారిది, చెయ్యి కోడలిది. మధ్యలో ఉన్న తోడికోడల్ని ఎవరూ తలుచుకోరు.

మా పిల్ల అలాంటి తోడికోడల్ని సొంతంగా తయారు చేసుకుంటోంది. కలుపు, తీసెయ్, చూపు... మూడే మాటలున్న చిన్న భాష కల్పించుకుంది. తన లాప్‌టాప్‌లో తెలుగులో 'కలుపు' అని రాస్తే, అది 8085కి అర్థమయ్యే అంకెలుగా మారుతుంది. ఆ అంకెలు కాగితం మీద రాసుకుని కిట్ మీద నొక్కుతుంది. మూడు నెలలు రాత్రిళ్ళు కూర్చుంది దీనికోసం.

"కొత్త లాప్‌టాప్ ఉండగా ఈ పాత డొక్కెందుకే?" అని నేనూ అడిగాను. దాచుకోవడం దేనికి, నేనూ ఆ ఇంటి మనిషినే! అది చెప్పిన జవాబు నాకు బాగా గుర్తుండిపోయింది. 8085లో ట్రాన్సిస్టర్లు ఆరున్నర వేలు ఉంటాయట. ఇప్పటి ఫోన్ల చిప్పుల్లో వందల కోట్లు. "ఆ వందల కోట్లలో ఏం జరుగుతుందో ఏ ఒక్క మనిషికీ మొత్తం తెలీదు పిన్నీ. దీన్నయితే కిందనుంచి పైదాకా నా బుర్రలో పట్టించుకోగలను" అంది.

ఇదేం వింత సరదా అనుకోకండి. ప్రపంచంలో ఈ పిచ్చి ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. చంద్రుడి మీదకి మనుషుల్ని తీసుకెళ్ళిన అపోలో నౌకల కోసం తయారుచేసిన కంప్యూటర్లలో ఒకదాన్ని, అర్ధశతాబ్దం తర్వాత కొందరు సరదాపరులు బాగుచేసి 2019లో మళ్ళీ పనిచేయించారు. 1976లోనే వచ్చిన జెడ్ ఎయిటీ అనే ఇంకో చిప్ తయారీ 2024లో ఆగిపోతే, దగ్గరి చుట్టాన్ని పోగొట్టుకున్నట్టు బాధపడ్డవాళ్ళున్నారట!

అయితే ఈ సరదా మగపిల్లాడికుంటే మన ఇళ్ళల్లో ఒకలా చూస్తాం, ఆడపిల్లకుంటే ఒకలా చూస్తాం. మా అప్ప కొడుకు పదో తరగతిలో ఉండగా వాళ్ళ నాన్న స్కూటర్ కార్బ్యురేటర్ వీధరుగు మీద విప్పి పడేశాడు. రెండు రోజులు మా బావగారు ఆటోలో ఆఫీసుకెళ్ళారు. "ఇంజినీరు బుర్ర వెధవది" అని మురిసిపోయారే తప్ప ఒక్క మాటనలేదు. ఇదే పిల్ల ఒకసారి మిక్సీ అడుగు విప్పితే, "రేపు అత్తారింట్లో కూడా ఇలాగే విప్పుతావా?" అన్నారు. మిక్సీ బాగయిందన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ కుర్రాడు 1991లో, ఇరవై ఒకటో ఏట, సరదాగానే లినక్స్ మొదలుపెట్టాడు. ఇవాళ మన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది అదే. అతని మొదటి కంప్యూటర్ తాతగారిది. మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించాడాయన. చీకటి గదిలో కంప్యూటర్‌తో పడేసి, ఇంత తిండి విసిరేస్తే చాలు వీడికి అని తల్లి హాస్యమాడేదట. ఆ చీకటి గది కూతురికి ఎంతమందిమి ఇస్తాం? మీరే చెప్పండి.

నిజానికి ఈ విద్య ఆడవాళ్ళకి కొత్తదీ కాదు, పరాయిదీ కాదు. మొట్టమొదట కంపైలర్ అన్న పని తలకెత్తుకున్నది గ్రేస్ హాపర్, 1952లో. కంప్యూటర్లంటే లెక్కలు చేసే యంత్రాలు, ప్రోగ్రాములు రాసిపెట్టడం వాటి తరమా అని చుట్టూ ఉన్నవాళ్ళు నమ్మలేదు. ఆవిడ చేసిన పనే పునాదిగా, తర్వాత బ్యాంకుల లెక్కలన్నీ నడిపిన కోబాల్ భాష పుట్టింది. ఫ్రాన్సిస్ ఆలెన్ అని ఇంకొకావిడ. లెక్కల టీచరు. చదువుకోసం చేసిన అప్పు తీరేదాకా అని 1957లో ఐబీఎంలో చేరి, కంపైలర్లలో పడి మళ్ళీ బడికి వెళ్ళనేలేదు. కంప్యూటర్ రంగంలో నోబెల్ అంతటిదని చెప్పుకునే ట్యూరింగ్ అవార్డు అందుకున్న మొదటి మహిళ ఆవిడే, 2006లో.

అపోలో కంప్యూటర్ అన్నాను కదా, దాని ప్రోగ్రాము ఎక్కడ దాచారో తెలుసా? నేతలో! అమెరికాలో వాల్తామ్ అనే ఊళ్ళో రేథియాన్ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు కూర్చుని, చిన్న చిన్న అయస్కాంతపు రింగుల్లోంచి సన్నని రాగి తీగ దూర్చేవారు. తీగ రింగులోంచి వెళ్తే ఒకటి, పక్కనించి వెళ్తే సున్నా. ఒక్క తీగ తప్పు తోవన వెళ్ళినా ప్రోగ్రాము తప్పయిపోతుంది. వాళ్ళలో బట్టల మిల్లుల్లోనూ గడియారాల ఫ్యాక్టరీలోనూ పనిచేసి వచ్చినవాళ్ళున్నారు. ఇంజినీర్లు దానికి ముద్దుగా 'ముసలమ్మల మెమరీ' అని పేరు పెట్టుకున్నారు. ముద్దో, ఎగతాళో!

ఇది చదివినప్పుడు నాకు పొందూరు గుర్తొచ్చింది. మా అమ్మ పుట్టిల్లు ఆ దగ్గరే. చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళ్తే, అరుగుల మీద ఆడవాళ్ళు వాలుగ చేప దవడ ఎముకతో దూది దువ్వుతూ కనిపించేవారు. ఆ ఎముక పళ్ళు అంత సన్నగా ఉంటాయి మరి. అలా దువ్విన దూదిలోంచి రాట్నం మీద నూరో కౌంటు నూలు లాగుతారు. గింజ నుంచి దారం దాకా ప్రతి మెట్టూ వాళ్ళ వేళ్ళకి తెలుసు. ఆ నూలుతో నేసిన ఖద్దరు పంచె కట్టుకున్న పెద్దమనుషుల్ని అందరూ మెచ్చుకుంటారు. దవడ ఎముక పట్టుకున్న చేతిని ఎవరు చూశారు? మా పిల్ల చేస్తున్నదీ ఆ అరుగు మీద పనే. చీర కొని కట్టుకోవడంతో దానికి సరిపోవడం లేదు. దూది నుంచి చూడాలంటోంది.

మన దగ్గర పాత కంప్యూటర్లకి కొదవా అంటే అదీ లేదు. పెద్దవాళ్ళకి ఈసీ టీవీ గుర్తుంటుంది. హైదరాబాదులో ఎ.ఎస్.రావుగారు నడిపిన ఈసీఐఎల్ వాళ్ళది. అదే సంస్థ 1969లోనే టీడీసీ-12 అని కంప్యూటర్ తయారుచేసింది. తర్వాత 1984లో దేశంలో స్కూళ్ళకి కంప్యూటర్ చదువు మొదలుపెట్టినప్పుడు వచ్చినవి బీబీసీ మైక్రోలు. వాటి బేసిక్ భాష రాసింది సోఫీ విల్సన్. ఆవిడే ఆ తర్వాత ఆర్మ్ అనే ప్రాసెసర్‌కి భాష రాసింది. ఇప్పుడు మన చేతిలో ఉన్న ఫోన్లలో దాదాపు అన్నింటా ఉన్నది ఆ ఆర్మ్ వంశమే. ఇక ఇంజినీరింగ్ కాలేజీల సంగతి చెప్పక్కర్లేదు. 1987లో వచ్చిన టర్బో సి, ఆ నీలం రంగు తెర, ఇరవై అయిదేళ్ళు దాటాక కూడా మన ల్యాబుల్లో రాజ్యమేలింది. పాతదాని మీద ప్రేమతో కాదు, మార్చే ఓపిక లేక! 8085 కిట్లూ అంతే. పదో పన్నెండో ప్రయోగాలు, రికార్డు రాయడం, సంతకం, మార్కులు. చేతికందిన దాన్ని చూసి ఆశ్చర్యపోవాలని ఆ పిల్లలకెవరూ చెప్పరు. ఎవరూ చెప్పకుండానే ఆశ్చర్యపోయిన పిల్ల ఒకతి ఉంటే, దాని బల్ల మనం ఖాళీ చేస్తాం.

మా అప్పని తప్పు పట్టాలని కాదు ఇదంతా. దాని భయం దానిది. చదువుకి బ్యాంకు లోనుంది. చివరి ఏడాది వస్తోంది. పక్కింటి పిల్ల అమీర్‌పేటలో కోర్సు చేసి ఉద్యోగం తెచ్చుకుంది. పైగా ఇప్పుడు ప్రోగ్రాములు ఏఐ రాసేస్తోందని టీవీలో రోజూ చెప్తుంటే, "ఉన్నవాళ్ళవే ఊడుతున్నాయట, ఇదేమో యాభై ఏళ్ళ కిందటి డొక్కు పట్టుకుని కూర్చుంది" అని దానికి నిద్ర పట్టడం లేదు. చిప్పుల డిజైన్ చేసే పెద్ద కంపెనీలు హైదరాబాదులో చాలానే ఉన్నాయి, ఈ విద్య అక్కడ పనికొస్తుంది అని చెప్పి నేను మా అప్పని ఒప్పించొచ్చు. కానీ అలా ఒప్పించడం నాకిష్టం లేదు. ఉద్యోగం రాకపోతే అప్పుడు ఆ బల్ల మళ్ళీ ఖాళీ చెయ్యొచ్చా? నేను కథలు రాస్తాను. "ఏమొస్తుంది?" అని నన్నూ అడుగుతారు. ఏమీ రాదు. అందరూ పడుకున్నాక రాసుకుంటాను కాబట్టి ఎవరికీ అడ్డం లేదు, అంతే.

గ్రేస్ హాపర్ గురించి ఒక సంగతి ఉంది. ఏడేళ్ళప్పుడు అలారం గడియారం ఎలా మోగుతుందో చూద్దామని విప్పేసింది. మళ్ళీ బిగించడం రాలేదు. ఎలా బిగించాలో తెలుసుకుందామని ఇంకోటి విప్పింది. అలా ఇంట్లో ఉన్న ఏడు గడియారాలూ విప్పాక తల్లి చూసింది. ఇది వందేళ్ళ కిందటి మాట, అక్కడా ఆడపిల్లలకి పెద్ద స్వేచ్ఛేం లేదు. తల్లి ఏం చేసిందనుకున్నారు? ఒక్క గడియారం పిల్లకి వదిలేసి, మిగిలినవి ముట్టుకోవద్దంది.

ఆరు దాచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. చదువు, ఉద్యోగం, వంట, పెళ్ళి, అన్నీ ఉంటాయి. ఒక్కటి వదిలిపెట్టండి.

భోగి ముందురోజు నేను పాత సామాన్ల కొట్టుకి వెళ్ళాను. పాత ఫ్యాన్ల మధ్య కిట్ దొరికింది. నూట యాభై అడిగాడు. వందకి బేరమాడాను. అంకెల్లో ఒకటి వెలగడం లేదు గానీ మిగతా అంతా పనిచేస్తోందని పిల్ల చెప్పింది. ఇప్పుడది మా ఇంట్లో కుట్టుమిషను మీదుంది. ఆదివారాలు మధ్యాహ్నం వచ్చి కూర్చుంటుంది. జాకెట్లు కుట్టుకోవడం నాకు వారం మధ్యలోకి మారింది.

మొన్నొక ఆదివారం అమ్మనీ అప్పనీ భోజనానికి పిలిచాను. అప్ప కిట్‌ని చూసింది. నా వైపోసారి చూసింది. ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "ఏదీ, పదిహేనూ ఇరవయ్యీ కలుపు చూద్దాం" అంది కూతురితో. పిల్ల కాగితం మీద ఏదో రాసుకుని టకటకా నొక్కింది. '23' అని వెలిగింది.

"తప్పు! ముప్ఫై అయిదు రావాలి కదా!" అంది అప్ప.

"తప్పు కాదమ్మా. మనం పదేసి చొప్పున లెక్కపెడతాం, ఇది పదహారేసి చొప్పున లెక్కపెడుతుంది. రెండు పదహార్లు, పైన మూడు..." అని పిల్ల మొదలుపెట్టింది. అప్ప మొహం చూస్తే ఒక్క ముక్క ఎక్కినట్టు లేదు.

మంచం మీద నడుం వాల్చిన మా అమ్మ లేచి కూచుంది. "పదహారేసంటే అణాల లెక్క కదేటి! ముప్పయ్యైదణాలంటే రెండ్రూపాయల మూడణాలు. సరిగ్గానే సెప్పింది మిషను. ఏదీ, ఇటు తే, నానొకటి నొక్కుతాను" అంది.