బాలుర మౌనము, బడి బాధ్యత

మగపిల్లల శీలమును గురించి మన పాఠశాలలకు గల ఆందోళన సంవత్సరమున కొక్కమారు, సాధారణముగా ఆగస్టు పదునైదుననో వార్షికోత్సవము నాడో, మైకు ద్వారా వెలువడి, ఆ సాయంకాలమే షామియానాతో పాటు మడతపెట్టబడుచున్నది. తక్కిన దినములందు ఆ బాధ్యతను వహించుచున్నది బెత్తమే. 2009 నాటి విద్యాహక్కు చట్టములోని 17వ సెక్షను శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినది గాని, తరగతి వెలుపల నిలువబెట్టుట, తండ్రిని పిలిపించి నలుగురిలో తిట్టించుట నేటికిని శిక్షణ యను పేరనే చెల్లుబాటగుచున్నవి. తోటివానిని కొట్టిన బాలుని ‘ఎందుకు కొట్టితివి?’ అని గద్దించువారే కాని, సమాధానము వచ్చువరకు ఆగువారు అరుదు.

ఈ పద్ధతిని నిర్దయమైనదనుటకంటె గ్రుడ్డిదనుట సమంజసము. 2015-16లో నిమ్హాన్స్ సంస్థ నిర్వహించిన జాతీయ మానసికారోగ్య సర్వేలో 13 మొదలు 17 ఏండ్ల వయస్సు వారిలో 7.3 శాతము మంది ఏదో యొక మానసిక రుగ్మతకు లోనైనట్లు తేలగా, అందు బాలురును బాలికలును ఇంచుమించు సమభాగస్వాములుగనే కనబడిరి. కాని 2022వ సంవత్సరపు జాతీయ నేర గణాంకములను చూచినచో, ఆత్మహత్య చేసికొనిన 1,70,924 మందిలో 1,22,724 మంది పురుషులు. అప్పులు, మద్యము, కుటుంబ కలహములు, వ్యాధులు మొదలగు హేతువులనేకములు కలవు. అన్నిటిని ఒక్క మూలమునకు ముడివేయుట అవివేకము. అయినను, ‘మగవాడవై యుండి ఏడ్తువా’ అని అయిదవ యేటినుండి వినుచు పెరిగినవాడు ఆపదలో నోరు విప్పి సాయమడుగునని ఆశించుట యెట్లు? బాలిక కంట తడి పెట్టినచో ఏమయినదని అడుగు ఉపాధ్యాయినియే, బల్ల విరుగగొట్టిన బాలునికి జరిమానా వేయును. అతని దుఃఖము కోపముగను, బడి ఎగవేతగను, వెనుక బల్లలోని వెకిలినవ్వుగను వెలికివచ్చును గనుక, అది క్రమశిక్షణ పద్దులోనికి పోవును.

పాఠశాల ఈ విషయమున ఏమి చేయగలదను ప్రశ్నకు మన దేశముననే జరిగిన యొక పరిశోధన విలువైన సమాధానమిచ్చినది. బీహారులోని నాలందా జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలను ఎన్నుకొని, సంగాత్ అను సంస్థవారు ‘సెహెర్’ అను పేర తొమ్మిదవ తరగతి బాలబాలికలకై ఒక కార్యక్రమమును పరీక్షించిరి. ఉదయపు ప్రార్థన వేళ నాలుగు మాటలు, ఒక గోడపత్రిక, పేరు వ్రాయకయే తమ గోడు కాగితముపై వ్రాసి వేయుటకొక పెట్టె, చిన్న బృందములతో చర్చలు, అవసరమైనవానితో ఏకాంతముగా కూర్చుండి మాటలాడుట, ఇంతియే అందలి సామగ్రి. కొన్ని బడులలో దీనిని మానసిక శాస్త్రమున పట్టములు లేకున్నను తగిన శిక్షణ పొందిన బయటి వ్యక్తి నడపెను. మరికొన్నింట ఆ బడి ఉపాధ్యాయుడే నడపెను. మిగిలిన బడులలో ఇది లేదు. లాన్సెట్ పత్రికలో వెలువడిన ఫలితములనుబట్టి, బయటి వ్యక్తి నడపినచోట బడి వాతావరణము మెరుగుపడి, పిల్లలలో దిగులును, పరస్పర హింసయు, బెదిరింపులును తగ్గినవి. ఉపాధ్యాయుడు నడపినచోట చెప్పుకొనదగిన మార్పు లేదు. పెట్టె అదే, గోడపత్రిక అదే! ఇందులకు ఉపాధ్యాయుని నిందింప పనిలేదు. మధ్యాహ్న భోజనపు లెక్కలు, సెల్‌ఫోనులో హాజరు, ఎన్నికల విధులు, వీని నడుమ సిలబసు ముగింపవలసినవానికి పిల్లవాని మౌనము వినుటకు తీరిక యెక్కడిది? తీరిక యున్నను, మార్కులు వేయు చేతికే తన బలహీనతను అప్పగించుటకు ఏ బాలుడు సాహసించును?

శీలము మాట కూడ ఉపన్యాసములతో తేలునది కాదు. హర్యానాలో బ్రేక్‌త్రూ అను సంస్థ, 314 ప్రభుత్వ పాఠశాలలను ఎంపిక చేసి, వానిలో ఇంచుమించు సగమింట, ఏడెనిమిది తరగతుల పిల్లలతో మూడు వారములకొకమారు చొప్పున రెండున్నర సంవత్సరములు స్త్రీపురుష సమానత్వమును గురించి చర్చలు నడపినది. నడవడిలోని మార్పు బాలికలకంటె బాలురలో హెచ్చుగా కనబడెను. కార్యక్రమము ముగిసిన రెండేండ్లకును అది నిలిచియుండెను. పిల్లలు తమను గూర్చి తాము చెప్పుకొనినదే గదా యని సందేహించువారుందురు; ఆ సందేహము న్యాయమైనదే. అయినను, ఇంటిపని తమదికాదని నమ్మి వచ్చిన బాలుడు తానును చేయుచున్నానని చెప్పుకొనుటకు సిగ్గుపడకపోవుటయే ఒక ముందడుగని నా యభిప్రాయము.

మన విధానములు ఈ అనుభవమును లెక్కగొన్నట్లు తోపదు. 2020లో ఆయుష్మాన్ భారత్ క్రింద ప్రారంభించిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమము మరల ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయుల భుజములమీదనే ఈ బరువును మోపినది. పోషకాహారమును గురించిన పాఠమునకు అది చాలును, హృదయము విప్పుటకు చాలదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ అను మానసికారోగ్య ఫోను సేవ, 14416 నెంబరున, నిజముగా ఉపకరించునదే. కాని అయిదవ తరగతిలోనే ఇల్లు విడిచి గురుకులమునకు చేరిన పిల్లవాని చేత ఫోనెక్కడిది? విశాఖపట్టణమున మరణించిన ఒక విద్యార్థిని తండ్రి న్యాయపోరాటము ఫలితముగా 2025 జులైలో సుప్రీంకోర్టు, నూరుగురు లేక అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థయందును శిక్షణ పొందిన సలహాదారునో, మనస్తత్వ నిపుణునో, సాంఘిక కార్యకర్తనో నియమింపవలెనని మార్గదర్శకముల నిచ్చినది. మన ఊళ్లలో సోషల్ వర్కు చదివి పనిలేక తిరుగుచున్న యువకులకు ఈ కొలువు తగినదే గదా!

అయితే నియామకముతోడనే కార్యము ముగిసెనని తలపరాదు. ప్రధానోపాధ్యాయుని గది ప్రక్కనే సలహాదారునకు గది యిచ్చి తలుపున బోర్డు తగిలించినచో, బాలురు ఆ గుమ్మము త్రొక్కరు. త్రొక్కినవానిని తోటివారు పిచ్చివాడని గేలిచేయుదురు. సలహాదారుడే వారికడకు పోవలెను: చివరి పీరియడులో మైదానమునకు, గురుకులమైనచో రాత్రి భోజనానంతరము వసతిగృహపు వరండాకు. 1971లో సర్వేలు గ్రామమున పి.వి. నరసింహారావు తొలి గురుకులమును నెలకొల్పిన నాటి సంకల్పములో గురువు పిల్లలతో కూడి నివసించుట యొక భాగము. నేడు రాత్రివేళ పిల్లలతో మిగులుచున్నది పెక్కుచోట్ల కాపలావాడొక్కడే. కావున ఈ కొలువులకు ప్రకటన వెలువరించునపుడు, వయఃపరిమితి, మార్కుల శాతములతోపాటు, అభ్యర్థికి వాలీబాల్ ఆడ వచ్చునా యని కూడ అడిగిన బాగుండును. పనివేళలను సాయంకాలము నాలుగింట మొదలిడినచో మరింత బాగుండును.