తనఖా విడుదలకు జబల్‌పూర్ దారి

రాయ్‌పూర్‌లో ఇల్లు తనఖా పెట్టి బ్యాంకు రుణం తీసుకున్న యజమాని, ఆ ఇంటి స్వాధీనానికి బ్యాంకు చేపట్టిన చర్య అక్రమమని భావించిన పక్షంలో ఆశ్రయించవలసినది తన జిల్లా కోర్టును కాదు. పొరుగు రాష్ట్రంలోని జబల్‌పూర్ రుణ వసూలు ట్రిబ్యునల్‌ను. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ వేరు రాష్ట్రమైంది, బిలాస్‌పూర్‌లో హైకోర్టు వెలసింది. ట్రిబ్యునల్ మాత్రం ఉభయ రాష్ట్రాలకూ కలిపి జబల్‌పూర్‌లోనే ఉండిపోయింది.

బాకీ తీర్చి తనఖాను విడిపించుకునే హక్కు యజమానికి కొత్తగా వచ్చినది కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 60వ సెక్షన్ దానిని గుర్తించింది. రుణదాత సొమ్ము పుచ్చుకోవడానికి నిరాకరిస్తే 83వ సెక్షన్ కింద కోర్టులో డిపాజిట్ చేయవచ్చు. నోటీసు అందిన పిమ్మట వడ్డీ నిలిచిపోతుంది. విమోచన దావాకు కాలపరిమితి 30 సంవత్సరాలు. వడ్డీ వ్యాపారి వద్ద ఇల్లు తనఖా పెట్టిన వారికి నేటికీ ఇదే మార్గం, అదీ స్థానిక సివిల్ కోర్టులోనే.

బ్యాంకు రుణాల సంగతి వేరు. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం 60 రోజుల నోటీసు గడువు ముగియగానే, కోర్టు తీర్పు లేకుండానే ఆస్తిని స్వాధీనపరచుకుని విక్రయించవచ్చు. 34వ సెక్షన్ సివిల్ కోర్టుల జోక్యాన్ని నిషేధించింది. మార్డియా కెమికల్స్ కేసులో 2004లో సుప్రీంకోర్టు మోసం ఆరోపణ వంటి అరుదైన సందర్భాలకు మాత్రమే సందు మిగిల్చింది. స్వాధీన చర్యపై ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయడానికి గడువు 45 రోజులు.

అసలు చిక్కు 2016 సవరణతో వచ్చింది. అంతకుముందు విక్రయం జరిగేలోగా బాకీ చెల్లించి ఆస్తిని విడిపించుకునే వీలుండేది. సవరణ అనంతరం వేలం ప్రకటన ప్రచురితమయ్యేలోగానే చెల్లించాలి. సెలిర్ కేసులో 2023 సెప్టెంబర్ 21న సుప్రీంకోర్టు ఈ అర్థాన్నే ఖాయం చేసింది. తొలి వేలం ప్రకటనకూ విక్రయానికీ నడుమ కనీసం 30 రోజులుంటాయి. ఆ నెల రోజులలో యజమాని మొత్తం సొమ్ము చేతపట్టుకుని వచ్చినా విడుదలను హక్కుగా కోరలేడు!

మొండి బాకీలు వసూలు కావలసిందే, అది డిపాజిటర్ల సొమ్ము. వేలంలో కొన్నవారికి భద్రత అవసరమన్న వాదననూ కాదనలేము. అయితే వ్యవధిని ఇంతగా కుదించిన ప్రభుత్వం న్యాయస్థానాన్ని కనీసం దగ్గరకు తేవలసింది. ఇ-ఫైలింగ్ వచ్చిన మాట నిజమే. 300 కిలోమీటర్లకు పైబడిన దూరంలో న్యాయవాదిని కుదుర్చుకోవడం, కాగితాలు సమకూర్చడం దానితో తీరే పనులు కావు. రైల్వే కొలువులకు వచ్చి రాయ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సహా అక్కడి గృహ యజమానులందరికీ ఆ నగరంలో ట్రిబ్యునల్ బెంచి అవసరం.

బాకీ పూర్తిగా తీర్చిన వారికి మాత్రం కొంత ఊరట లభించింది. 2023 డిసెంబర్ 1 నుంచి అమలులోకి వచ్చిన రిజర్వు బ్యాంకు ఆదేశాల మేరకు 30 రోజులలోగా దస్తావేజులు తిరిగి ఇవ్వాలి, రిజిస్ట్రీలో నమోదైన తనఖా భారాన్ని తొలగించాలి. తమ వల్ల జాప్యం జరిగితే బ్యాంకులు రోజుకు రూ.5,000 పరిహారం చెల్లించాలి. ఫిర్యాదు ముందుగా బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. 30 రోజులలో జవాబు రాకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు నివేదించవచ్చు. ఈ ఒక్క పనికి జబల్‌పూర్ వెళ్లనక్కరలేదు.