కాపీ కొట్టండి... కానీ లోపల కెలక్కండి!

కాలేజీలో ల్యాబ్ రికార్డులు కాపీ కొట్టి పాసైన బ్యాచ్ మనది. ఉద్యోగంలో చేరాక అదే కాపీకి గౌరవం పెరుగుతుంది.

వంద సర్వర్లలో ఒకే సాఫ్ట్‌వేర్ పెట్టాలంటే ఒక్కోదాంట్లో లాగిన్ అయి కమాండ్లు కొట్టలేం కదా. అందుకే అన్సిబుల్ లాంటి టూల్స్. 2012లో మైకేల్ డిహాన్ దీన్ని మొదలుపెట్టాడు, 2015లో రెడ్ హ్యాట్ కొనేసింది. ఇందులో స్క్రిప్టులు, సెట్టింగులు, టెంప్లేట్లు కలిపి కట్టిన మూటని ‘రోల్’ అంటారు. అన్సిబుల్ గ్యాలక్సీ సైట్‌లో ఇవి ఉచితంగా వేలల్లో దొరుకుతాయి. ఒక్క కమాండ్‌తో మన సిస్టమ్‌లోకి దిగిపోతాయి.

అసలు కథ ఆ తర్వాతే. మన పోర్టు వేరు, ఫోల్డర్ వేరు. దాంతో చాలామంది రోల్ లోపలి ఫైలు తెరిచి అక్కడే మార్చేస్తారు. పక్క టీమ్ ఆ కాపీ తీసుకుని ఇంకోటి మారుస్తుంది. నేను చూసినంతలో, ఏడాది తిరిగేసరికి ఒకే పేరుతో నాలుగు రోల్స్ తయారవుతాయి. అసలు రాసినవాళ్లు ఏదైనా లోపం సరిచేసి కొత్త వెర్షన్ వదిలినా మనం తీసుకోలేం. తీసుకుంటే మన మార్పులన్నీ చెరిగిపోతాయి.

మా క్రోసూరు వైపు మిర్చి చేలల్లో పక్కవాళ్లు ఏ మందు కొడితే అదే తెచ్చి కొట్టడం మామూలే. నల్ల తామర పురుగు దెబ్బకొట్టిన 2021-22లో అయితే మరీను. డబ్బా తెచ్చుకోవడం తేలికే, మన చేనుకి మోతాదు ఎంతన్నదే లెక్క. రోల్ కూడా అంతే. డబ్బాలో సరుకు కలపకూడదు, మోతాదు మాత్రం మనం రాసుకోవాలి.

ఆ చోటు రోల్‌లోనే ఉంటుంది. ‘డిఫాల్ట్స్’ ఫోల్డర్‌లోని వేరియబుల్స్‌కి అన్సిబుల్ అన్నిటికంటే తక్కువ ప్రాధాన్యం ఇస్తుంది. అదే పేరుతో మన గ్రూప్ వేరియబుల్స్ ఫైల్లో వేరే విలువ రాస్తే మనదే చెల్లుతుంది. ‘వార్స్’ ఫోల్డర్‌లోవి మాత్రం ఇలా లొంగవు. కాబట్టి ఏది ఎక్కడుందో ముందే చూసుకోండి.

దీని విలువ ఎప్పుడు తెలుస్తుందంటే, 2024 జూన్ 30న సెంటోస్ 7కి కాలం చెల్లింది. ప్యాకేజీలు ఇచ్చే పాత అడ్రస్ ఆగిపోయింది, సరుకంతా ‘వాల్ట్’ అనే అడ్రస్‌కి మారింది. అడ్రస్‌ని వేరియబుల్‌గా పెట్టుకున్నవాళ్లకి అది ఒక్క లైను పని. ప్రతి కాపీలోనూ నేరుగా రాసుకున్నవాళ్లకి? ఆ కాపీలన్నీ ఎక్కడెక్కడున్నాయో వెతుక్కోవడమే పెద్ద పని.

లోపల మార్చక తప్పదంటే గిట్‌లో ఫోర్క్ తీసుకోండి. ఏం మార్చారో, ఎందుకు మార్చారో ఒక లైను రాయండి. ఏ వెర్షన్ వాడుతున్నారో రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో ఫిక్స్ చేయండి. మార్పు అందరికీ పనికొచ్చేదైతే అసలు రాసినవాళ్లకే పంపండి.

మీరు ఇంకో కంపెనీకి వెళ్లిపోతారు. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే, ఆ ఫైలు తెరిచేది మీ సీట్లోకి వచ్చిన ఫ్రెషరే. ఆ ఒక్క లైను కోసమే వెతుక్కుంటాడు.