తెల్లమట్టి పైపూతకు చాలు

కొత్తగా ఇల్లు కడుతున్నచోట విరిగిన టైలు ముక్క ఒకటి దొరక్కపోదు. దాన్ని తెచ్చి, విరిగిన అంచును కడిగి, వెలుతురులో పట్టి చూడండి. (అంచు గాజులా కోస్తుంది, జాగ్రత్త!) అన్నిటికన్నా పైన నిగనిగలాడే పలచని గాజు పొర ఉంటుంది. దాన్ని గ్లేజు అంటారు. చాలా పలకల్లో దాని కింద, గోడకు సున్నం కొట్టినట్టు, మరో పలచని తెల్లని పొర కనిపిస్తుంది. దీని పేరు ఎంగోబ్. ఇది ఫ్రెంచి మాట. మనం అడుగుపూత అనుకుందాం. ఈ రెండు పొరలూ కలిసినా సాధారణంగా ఒక మిల్లీమీటరు మందం ఉండవు. మిగిలినదంతా పలక ఒళ్ళు. అది కొన్ని పలకల్లో ఇటుకలా ఎర్రగా ఉంటుంది, కొన్నిట్లో తెల్లగానో బూడిదరంగుగానో ఉంటుంది.

ఒళ్ళు తెల్లగా ఉన్నదే మేలైన పలక అని దుకాణంలో చెబుతారు. కొనేవాళ్ళూ పలకను తిప్పి, వెనక తెల్లగా ఉంటే తృప్తిపడతారు. నాకీ మాట నచ్చదు. కనబడని ఒళ్ళు తెల్లగా ఉండాలన్న కోరికకోసం ఎక్కడెక్కడి తెల్లమట్టినో తవ్వి, వందల మైళ్ళు లారీల్లో మోయడం వృథా అని నా అభిప్రాయం. ఎంచేతనంటే, తెల్లదనం కావలసింది పైపూతలో. అక్కడ తెల్లమట్టి చేసే పని ఇంకేదీ అంత చక్కగా చెయ్యదు.

ఆ పని ఏమిటో చూద్దాం.

గ్లేజు తయారీలో ముఖ్యమైనది ఫ్రిట్. ఇసుక, ఫెల్‌స్పార్, మరికొన్ని ఖనిజాలు కలిపి కరిగించి, ఆ ద్రవాన్ని చన్నీళ్ళలో పోస్తే చిట్లి ముక్కలయ్యే గాజు అది. దీన్ని నీళ్ళతో కలిపి బాల్ మిల్లులో మెత్తగా నూరుతారు. అయితే గాజుపొడి బరువైనది. కాసేపు కదపకుండా ఉంచితే తొట్టి అడుగున చేరి గట్టిగా బిగుసుకుంటుంది. అలా కాకుండా ఉండడానికి నూరేటప్పుడే నూటికి అయిదు నుంచి పది పాళ్ళు కేయోలిన్ అనే తెల్లమట్టి కలుపుతారు. చైనాలో పింగాణీకి పేరుపడ్డ జింగ్‌దెజెన్ దగ్గరున్న గావోలింగ్ అనే కొండపేరు మీదుగా ఈ పేరు వచ్చింది.

పిడికెడు మట్టి అంత గాజుపొడిని ఎలా తేల్చి ఉంచుతుంది? కేయోలిన్ రేణువులు పలచని బిళ్ళలు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో వెయ్యోవంతు ఉంటుంది, చాలా రేణువులు అంతకన్నా చిన్నవే. బిళ్ళల ముఖాల మీద ఋణ విద్యుదావేశం ఉంటుంది. అంచులమీద, ద్రవం మరీ క్షారంగా లేనప్పుడు, ధనావేశం ఉంటుంది. అంచేత ఒక బిళ్ళ అంచు మరో బిళ్ళ ముఖానికి అతుక్కుని, నీళ్ళలో అచ్చంగా పేకమేడ కట్టుకుంటాయి. ఆ మేడ గదుల్లో గాజు రేణువులు చిక్కుకుని కిందికి దిగలేవు. తొట్టిని గిలకొడితే మేడ కూలి ద్రవం పలచనవుతుంది, వదిలేస్తే మళ్ళీ లేస్తుంది. పలకమీద పొయ్యడానికి పలచన, పోశాక జారిపోకుండా చిక్కన. ఇంతకన్నా ఏం కావాలి?

ఈ విద్యుదావేశాల ఆట మీరూ ఆడి చూడొచ్చు. రెండు గాజుగ్లాసుల్లో బురదనీళ్ళు తీసుకోండి. ఒకదానిలో చిటికెడు పటికపొడి, రెండోదానిలో చిటికెడు చాకలి సోడా వేసి కలపండి. పటిక వేసినదానిలో మట్టి రేణువులు గుంపులు కట్టి త్వరగా అడుగుకు దిగుతాయి. సోడా వేసినది చాలాసేపు బురదగానే ఉండిపోతుంది. అక్కడ రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయన్నమాట. మన పెద్దలు వరదనీటిని తేర్చడానికి కుండలోపల చిల్లగింజ అరగదీసేవారు కదా, అదీ ఈ కోవలోదే. టైళ్ళ కర్మాగారంలో ద్రవం చిక్కబడితే సోడియం లవణం ఒకటి కాస్త వేసి పలచన చేస్తారు. తేలికగా అడుగుకు దిగిపోతుంటే బెంటొనైట్ అనే మరో మట్టిని నూటికి ఒకటి రెండు పాళ్ళు కలుపుతారు. బెంటొనైట్ తన పొరల మధ్యకు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. మన దేశంలో ఇది గుజరాత్‌లోని కచ్ఛ్‌లో విస్తారంగా దొరుకుతుంది. ఎక్కువైతే మాత్రం పూత ఆరేటప్పుడు చెరువు అడుగులా బీటలు వారుతుంది.

కొలిమిలోకి వెళ్ళాక మట్టి పని మారుతుంది. దాదాపు 500, 600 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కేయోలిన్‌లో రసాయనికంగా బంధించి ఉన్న నీరు ఆవిరిగా పోతుంది. ఇది దాని బరువులో నూటికి పద్నాలుగు వంతులు! గ్లేజు కరిగి మూసుకుపోకముందే ఈ ఆవిరి బయటపడాలి. లేకపోతే పలకమీద సూదిమొన పెట్టి పొడిచినట్టు సన్నని రంధ్రాలు మిగులుతాయి. ఆ తరువాత మట్టిలోని అల్యూమినా, సిలికా గాజులో కలిసిపోతాయి. అల్యూమినా వల్ల కరిగిన గాజు చిక్కగా ఉండి పక్కలకు జారదు. మట్టి మరీ ఎక్కువైతే పూత ముడుచుకుని, తామరాకు మీద నీటిబొట్లలా అక్కడక్కడా గుమిగూడుతుంది. అందుకే కొంత కేయోలిన్‌ను ముందే కాల్చి, నీరు పోగొట్టి వాడతారు. ఇంత తతంగమూ రోలర్ కొలిమిలో 1100 నుంచి 1200 డిగ్రీల దగ్గర, గంటా గంటంపావులో ముగుస్తుంది.

అడుగుపూతలో మట్టి పాలు ఇంకా ఎక్కువ. కేయోలిన్, బాల్ క్లే అనే జిగురుమట్టి, ఫెల్‌స్పార్, ఫ్రిట్, తెల్లదనంకోసం జిర్కాన్ ఇందులో ఉంటాయి. ఒంటి ఎరుపును కప్పడం, ఒంటినుంచి వచ్చే లవణాలను పైకి రానివ్వకపోవడం, వేడికి వేరువేరుగా వ్యాకోచించే ఒంటికీ గ్లేజుకూ మధ్య రాజీ కుదర్చడం దీని పని.

ఎర్రమట్టి మీద తెల్లమట్టి వాడడం మనకు కొత్తేమీ కాదు. మట్టిగోడకు సుద్దమట్టి పూసిన అవ్వలు అడుగుపూతే వేశారు. ఇంకా వెనక్కు వెళితే, శాతవాహనుల కాలపు కుండల్లో ఒక రకం ఉంది. కుండమీద తెల్లని కేయోలిన్‌తో గీతలు గీసి, పైన కావిరంగు పూత పూసి కాల్చేవారు. 1947లో మార్టిమర్ వీలర్ బ్రహ్మగిరిలో తవ్వకాలు జరిపాక వీటిని ‘ఆంధ్ర పాత్రలు’ అన్నారు. చూశారా, తెల్లమట్టిని పొదుపుగా వాడిన విద్యకు మన పేరే పెట్టారు!

ఇప్పుడు శ్రీసిటీకి వద్దాం. 2008లో మొదలైన ఈ పారిశ్రామిక నగరం చెన్నైకి ఉత్తరాన, తడ దగ్గర జాతీయ రహదారిని ఆనుకుని ఉంది. సత్యవేడు, వరదయ్యపాళెం, తడ మండలాల ఊళ్ళు ఇందులో ఉన్నాయి. 2022 నుంచి ఇది తిరుపతి జిల్లా. ఇక్కడి కర్మాగారాలు, కార్యాలయాలు, విద్యాలయాలు, వాటి చుట్టూ లేచే ఇళ్ళు, అన్నిటికీ పలకలు పరుస్తారు. శ్రీకాళహస్తి దగ్గర కజారియా సంస్థ 2019లో పలకల ఉత్పత్తి ప్రారంభించింది. ఉత్తరాన గూడూరు, సైదాపురం ప్రాంతాల అభ్రకపు గనులున్న చోట ఫెల్‌స్పార్, క్వార్ట్జ్ దొరుకుతాయి. బాల్ క్లే గోదావరి ప్రాంతంలో చిన్న తిరుపతి అని పిలిచే ద్వారకా తిరుమల పరిసరాల్లో ఉంది. ఇక సత్యవేడు పేరు భూగర్భ శాస్త్రజ్ఞులకు ఎప్పుడో తెలుసు. రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1873లో ప్రచురించిన నివేదికలో ఇక్కడి శిలలను వర్ణించాడు. పది కోట్ల ఏళ్ళకు పైబడిన ఇసుకరాళ్ళు, గులకరాతి పొరలు, వాటిలో సైకాడ్ జాతి మొక్కల శిలాజాలు! ఆ కాలపు మట్టిపలక రాళ్ళు దక్షిణంగా శ్రీపెరుంబుదూరు దాకా ఉన్నాయి.

ఒక చిన్న లెక్క వేద్దాం. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న గది నేల దాదాపు 11 చదరపు మీటర్లు. చదరపు మీటరు పలకల బరువు సుమారు 20 కిలోలు అనుకుంటే మొత్తం 220 కిలోలు. ఒంటిలో నూటికి నలభై పాళ్ళు తెల్లమట్టి అనుకుంటే 88 కిలోలు. అదే తెల్లమట్టి పూతల్లో మాత్రమే వాడితే చదరపు మీటరుకు 150 గ్రాములు అనుకుందాం. గది మొత్తానికి రెండు కిలోలు కూడా కాదు! అంకెలు అటూ ఇటూ మారవచ్చు, తేడా మాత్రం ఏ నలభై యాభై రెట్లో ఉంటుంది.

ఇటలీలో సస్సువోలో ప్రాంతపు పలకల పరిశ్రమ మొదట తమ కొండల్లోని ఎర్రమట్టితోనే పెరిగింది. తరువాత తెల్లని ఒంటి మోజు వచ్చి, మట్టిని జర్మనీనుంచీ, ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్ ప్రాంతంనుంచీ తెప్పించుకున్నారు. 2022లో యుద్ధం రాగానే ఉక్రెయిన్ మట్టి ఆగి, అక్కడి కర్మాగారాలు తడబడ్డాయి. స్పెయిన్‌లో కాస్తెల్యోన్ జిల్లా మాత్రం చాలాకాలం తమ ఎర్రమట్టినే నమ్ముకుని ప్రపంచమంతటికీ పలకలు పంపింది.

“ఎర్రమట్టి పలక నీరు పీలుస్తుంది, బలం తక్కువ” అని ఇంజనీర్లు అంటారు. ఇందులో కొంత నిజముంది. ఎర్రమట్టిలోని ఇనుము ఎక్కువ వేడికి ఉబ్బు తెస్తుంది. నీరు దాదాపు పీల్చని విట్రిఫైడ్ పలక చేయడానికి తెల్లమట్టి, ఫెల్‌స్పార్ అనువైనవి. రైల్వేస్టేషన్లలో, వేలమంది నడిచి పైపొర అరిగిపోయేచోట, ఒళ్ళంతా ఒకే రంగున్న పలక ఉండవలసిందే. కాని వంటింటి గోడకు? స్నానాలగదిలో ఎవరూ నడవని నిలువు గోడకు? గోడపలక ఎలాగూ నూటికి పదిపాళ్ళకు మించి నీరు పీల్చేదే, పీలిస్తేనే సిమెంటు పట్టుకుంటుంది. అక్కడ తెల్లని ఒళ్ళు అడగడం ఆడంబరం తప్ప మరొకటి కాదు. పెచ్చు లేస్తే ఎరుపు కనిపిస్తుందంటారా? కనిపించనివ్వండి.

దీనికన్నా బలమైన ఆక్షేపణ మరొకటి ఉంది. స్థానికపు ఎర్రమట్టి అనగానే చెరువు మట్టి, పొలం మట్టి తవ్వుకుపోతారేమో! సత్యవేడు చుట్టుపక్కల సేద్యం చెరువుల మీద ఆధారపడింది. అడుగెత్తు సారవంతమైన పైమట్టి ఏర్పడడానికి వేల ఏళ్ళు పడుతుంది. కాబట్టి నా మాటకు ఒక షరతు ఉంది. చెరువులో పూడికమట్టి తీస్తే ముందు రైతు పొలానికి వెళ్ళాలి. పలకలకోసం తవ్వేది పంట పండని మెట్టల్లోని మట్టిరాయి అయివుండాలి. తవ్వినవాడే గుంత పూడ్చాలి, ఆ ఖర్చు ముందుగానే డిపాజిట్టు కట్టాలి. పూడ్చని గుంతలో వర్షాకాలం నీళ్ళు నిలిస్తే మొదట పడేది పశువులు, పిల్లలు. తెల్లమట్టి గనులకూ ఇదే షరతు వర్తిస్తుంది. ఆ గుంతలు మన కంటికి దూరంగా ఉన్నాయి, అంతే.

ఏ మట్టి పనికొస్తుందో నోటిమాటగా తేలదు, కాల్చి చూడాలి. గూడూరులో సెరామిక్ టెక్నాలజీ నేర్పే ప్రభుత్వ సంస్థ ఉంది. జిల్లాలోని ఉన్నత పాఠశాలల విద్యార్థులు తమ ఊరి మట్టి నమూనాలు సేకరించి, దొరికిన చోటు రాసి అక్కడికి పంపే ఏర్పాటు చెయ్యవచ్చు. మొదటి పరీక్ష మీరే చెయ్యగలరు. మట్టిని జల్లించి, తడిపి, పిసికి, పది సెంటీమీటర్ల పొడవుగల బద్దలు అయిదారు చెయ్యండి. నీడలో ఆరనిచ్చి కొలవండి. ఊళ్ళో కుమ్మరి ఆవం పెట్టే రోజున పెద్దల అనుమతితో వాటిని కుండల మధ్య పెట్టించండి. చల్లారాక మళ్ళీ కొలిచి, తూచి, ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, తుడిచి మళ్ళీ తూచండి. ఎంత ముడుచుకుంది, ఏ రంగు వచ్చింది, ఎంత నీరు పీల్చింది అనే మూడు అంకెలూ మాటలూ నోటు పుస్తకంలో రాసిపెట్టుకోండి. పలకల కర్మాగారంలోని ప్రయోగశాల కూడా కొత్త మట్టి రాగానే మొదట చూసేవి ఈ మూడే.