రెండు భాషల బిడ్డలు

హైదరాబాదులోని జూబిలీహిల్సు, ఫిల్మునగరు ఇండ్లలో పసిబిడ్డల చెవిని బడు భాష యొక్కటి గాదు. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మదరాసునుండి క్రమముగా ఇచ్చటికి తరలివచ్చినపుడు పెక్కు కుటుంబములు అరవమునుగూడ వెంటదెచ్చుకొన్నవి. ఇంట తెలుగు, వీధిలో హిందీయో ఉర్దూయో, పలక పట్టకమునుపే ఇంగ్లీషు. “ఇన్ని భాషలు వినిన బిడ్డ తికమకపడదా? తెలుగు మాని ఇంగ్లీషే మాటలాడుదుమా?” అని తల్లులు కొందఱు సందేహించుచున్నారు. పండితులు ఈ విషయమును ఒక చిన్న ఆటతో పరీక్షించిరి. దానిని మీరును ఇంట ఆడింపవచ్చును.

రెండు డబ్బాలు తీసికొని, ఒకదానిపై ఎఱ్ఱ చేప బొమ్మను, రెండవదానిపై నీలి పువ్వు బొమ్మను అంటింపుడు. నీలి చేపలు, ఎఱ్ఱ పువ్వులు గీచిన అట్టముక్కలను బిడ్డ చేతికిచ్చి, మొదట రంగునుబట్టి వేయుమనుడు. మూడేండ్ల బిడ్డయు నీలి చేపను నీలి పువ్వు డబ్బాలోనే వేయును. పిమ్మట “ఇప్పుడు చేపలన్నియు చేప డబ్బాలో వేయుము” అనుడు. ఆ యీడు బిడ్డలు పెక్కండ్రు క్రొత్త నియమమును నోటితో చెప్పుచునే, చేతితో మాత్రము పాత దారినే వేయుదురు. ఇది మొండితనము గాదు. మనసున నాటిన నియమమును విడిచి మఱియొక దానిని పట్టుకొను శక్తి నాలుగైదేండ్లకుగాని చాలమందికి అలవడదు.

కెనడాలో ఎలెన్ బియాలిస్టాక్ అను విదుషి 60 మంది పసివారిని ఇట్టి ఆటతో పరీక్షించి, 1999లో ఫలితములను ప్రకటించెను. వారిలో సగము మంది రెండు భాషలు వచ్చినవారు. నియమము మార్చినపుడు వీరే మేలుగా వేసిరి. కాని 2019లో అమెరికాలో 9, 10 ఏండ్ల బాలబాలికలను 4,524 మందిని పరిశీలించిన పండితులకు అట్టి ఆధిక్యము కనబడలేదు. కావున రెండు భాషలు మంత్రదండమని నమ్మరాదు. మతి చెదరునని భయపడనక్కఱలేదు. ఒక్కొక్క భాషలో బిడ్డకు మాటలు కొంత తక్కువగా నుండవచ్చును. రెండింటిని కలిపి లెక్కించినచో సాధారణముగా లోటుండదు.

వస్తువులను వేఱుచేయుట నేర్పు తొలి బడి మన తెలుగే. రెండు పలకలు, మూడు పలకలు అందుము. మనుష్యులనైనచో ఇద్దఱు, ముగ్గురు అందుము. లెక్కించుటలోనే మనుష్యులు వేఱు, వస్తువులు వేఱు అని బిడ్డకు తెలియుచున్నది. ఇంగ్లీషున ఈ భేదము లేదు. పెద్దమ్మ, పిన్ని, మేనత్త అను మూడు గూళ్లును అచ్చట ‘ఆంటీ’ అను ఒక్క బుట్టలో కలిసిపోవును. ఇంగ్లీషునకును తన గూళ్లు గలవు. మనము ఆవు వచ్చినది, అక్క వచ్చినది అని ఒక్క తీరున చెప్పుచుండగా, ఆ భాష అక్కకు ‘షీ’ అనియు, వస్తువునకు ‘ఇట్’ అనియు వేఱు మాటలు వాడును. రెండును నేర్చిన బిడ్డకు లోకమును రెండు విధముల సర్దుకొనుట తెలియును.

కావున ఇంట తెలుగు మానవలదు. ఉతికిన బట్టలు మడుచునపుడు బిడ్డను దగ్గఱ కూర్చుండబెట్టుకొని, మొదట రంగునుబట్టియు, పిదప ఎవరివి వారికిని వేఱుచేయింపుడు. తప్పినచో కసరవలదు, నియమమును మఱల చెప్పుడు. ఇంగ్లీషును బడి నేర్పును. పిన్నికిని మేనత్తకును గల భేదమును మనము నేర్పనిచో నేర్పువారు లేరు.